పాస్టరమ్మగారు నీళ్ళకిచ్చిన ఇల్లు

పోయిన మంగళవారం పొద్దున ఆఫీస్ పార్కింగ్‌లో కారు ఆపుతుంటే సంఘం గ్రూపులో మెసేజ్ వచ్చింది. "మన పాస్టరమ్మగారు అల్ఫారెట్టాలో కూతురుగారింట్లో నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు." దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు పడుతున్నాయి. నేను కారులోనే కూర్చుండిపోయాను. లోపలికి వెళ్ళాక ఎవరికి చెప్పాలో, ఏమని చెప్పాలో తోచలేదు. "మా పాస్టర్‌గారి భార్య పోయారు" అంటే ఇక్కడివాళ్ళు తల వంచి సారీ చెబుతారు. నిజంగా మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఆ ఒక్క ముక్కలో ఆవిడ పట్టరు. అందుకే ఇది రాస్తున్నాను.

నార్‌ఫోక్ చూడనివాళ్ళకి ముందు ఆ ఊరి సంగతి చెప్పాలి. వర్జీనియా సముద్రతీరంలో, నేవీ ఓడల మధ్య ఉన్న ఊరు. అందమైన ఊరే. కాకపోతే కింద నేల దిగిపోతోంది, పక్కన సముద్రం పెరుగుతోంది. వాన చుక్క లేకుండా, ఆకాశం నీలంగా మెరుస్తుండగా, రోడ్డు పక్క డ్రెయిన్ జాలీల్లోంచి ఉప్పునీళ్ళు బుడబుడమంటూ పైకొస్తాయి. కాసేపు వీధిలో నిలబడి, వచ్చిన దారినే వెళ్ళిపోతాయి. మా తెలుగు సంఘం మందిరం సరిగ్గా అలాంటి వీధి చివర, అన్నిటికన్నా పల్లంలో ఉండేది. ఎప్పుడో ఒక అమెరికన్ సంఘంవాళ్ళు దాన్ని మనవాళ్ళకి చవగ్గా అమ్మేశారు. ఇంత చవగ్గా ఎందుకిస్తున్నారని మనవాళ్ళలో ఒక్కరూ అడగలేదు. దేవుని కృప అనుకున్నారు.

మిషిగన్‌లోని ట్రాయ్ నుంచి కాంట్రాక్టు మీద ఈ ఊరికి వచ్చిన కొత్తలో మొదటి ఆదివారం ఆరాధనకి వెళ్ళాను. ప్రసంగం మధ్యలో ఎవరో వెనక నుంచి భుజం తట్టారు. చూస్తే లేత పసుపు ఉప్పాడ చీర, దాని కింద మోకాళ్ళదాకా నల్లటి రబ్బరు బూట్లు. "అమ్మాయ్, నీలం కారు నీదేనా? తాళాలిలా ఇయ్యి" అన్నారు. నేను బిత్తరపోయి ఇచ్చాను. కిటికీలోంచి చూస్తే వీధిలో అప్పటికే నీళ్ళు టైర్లని తాకుతున్నాయి. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళి, నా కారుని రెండు వీధుల అవతల మెరక మీద పెట్టి వచ్చారు. తాళాలు చేతిలో పెడుతూ, "ఉప్పునీళ్ళమ్మా, బ్రేకులు తినేస్తాయి. ఇంతకీ మీదేవూరు?" అన్నారు. ఈ దేశంలో నన్ను పలకరించిన తీరుల్లో అంత నచ్చినది ఇంకోటి లేదు.

పాస్టరమ్మగారిది నర్సాపురం వైపు. పోటు, ఆటు అనే మాటలు చిన్నప్పటి నుంచీ విన్న మనిషి. సముద్రం పొంగి మీదికొచ్చే వేళ పోటు, వెనక్కి తగ్గే వేళ ఆటు. మా సంఘంలో ఆరాధన వేళని నిర్ణయించేది పాస్టర్‌గారు కాదు, ఈ పోటే. శనివారం సాయంత్రమయ్యేసరికి ఆవిడ ఫోన్ రావలసిందే. "వందనాలమ్మా. రేపు పోటు పదకొండింటికి. ఆరాధన ఎనిమిదింటికి పెట్టేశాం. పదింటికల్లా అందరం వీధి దాటేయాలి. లేటుగా వస్తానంటావా, ప్యాంటు మడుచుకుని రా, నీ ఇష్టం." ఆ పై వారం మామూలు వేళకే ఉండేది. మన తెలుగువాళ్ళని టైముకి రప్పించడం ఏ దేశంలోనూ ఏ పాస్టర్ వల్లా కాలేదు. నార్‌ఫోక్‌లో అది పోటు వల్ల అయింది.

అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువగా ఉంటుంది. అందుకని ఆవిడ ముందుగా ఆ రోజులు చూసుకునేవారు. ఇది సంఘ పెద్దల్లో ఒకాయనకి నచ్చలేదు. కాకినాడ మనిషి, షిప్‌యార్డులో ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు, మాట కచ్చితం.

"అమ్మగారూ, మనం తిథులు చూడడం మానేసి మూడు తరాలైందండి. ఇప్పుడు మీరు అమావాస్య చూసి ఆరాధన పెడుతుంటే పిల్లలకి ఏం నేర్పినట్టండి?" అన్నాడు అందరి ముందూ.

"అమావాస్య మంచిదా చెడ్డదా అని చూడట్లేదండీ. నీళ్ళు పాదందాకా వస్తాయా, మోకాలిదాకా వస్తాయా అని చూస్తున్నాను. అదీ మీ కారు కోసమే."

ఆయన కారు కొత్తది. ఆ తర్వాత ఆయనే శనివారాలు ఫోన్ చేసి, "అమ్మగారూ, పున్నమి ఎప్పుడండి?" అని అడిగేవాడట. ఈ మాట చెప్పి ఆవిడ పైటకొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేవారు.

అయ్యగారు, అంటే ఆవిడ భర్త, ఆ సంఘాన్ని స్థాపించిన పాస్టర్‌గారు, నేను చేరిన రెండో ఏడాది గుండెజబ్బుతో పోయారు. కొత్తగా వచ్చిన పాస్టర్‌గారు కుర్రవాడు. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆదివారం ప్రసంగం. ఉండేది వర్జీనియా బీచ్‌లో. అందుకని మందిరం వెనక ఉన్న చిన్న ఇంట్లో, పాస్టర్‌గారి ఇంట్లో, ఆవిడే ఒక్కరూ ఉండిపోయారు. సంఘానికి తాళాలు, టీ, మందలింపు, ఓదార్పు అన్నీ ఆ ఇంట్లోంచే వచ్చేవి. వీసా పోతుందని భయపడే కుర్రాళ్ళు ఆ వంటింట్లోనే కూర్చుని ఏడ్చేవారు. ఆవిడ వాళ్ళ వీసా గురించి ఒక్క ముక్క మాట్లాడేవారు కాదు. ముందు అన్నం పెట్టేవారు. "కడుపులో ముద్ద పడ్డాక ఏడుపు కూడా సరిగ్గా వస్తుంది" అనేవారు.

ఇప్పుడు మెరక సంగతి చెప్పాలి. మన కోస్తావాళ్ళకి స్థలం చేతికి రాగానే తోచే మొదటి ఆలోచన మెరక చేయించడం. పక్కవాళ్ళకన్నా జానెడు ఎత్తు లేకపోతే నిద్ర పట్టదు. పక్కాయన పోయిస్తే మనం పోయిస్తాం, మనం పోయిస్తే ఎదురింటాయన పోయిస్తాడు. ఆవిడ ఇంటి పెరడు ఎప్పుడూ చిత్తడిగా ఉండేది. పోటు గట్టిగా వస్తే నీళ్ళు వంటింటి మెట్టుదాకా వచ్చేవి. "లారీలతో మట్టి పోయించేద్దామండీ, పీడా పోతుంది" అని ఆవిడే అన్నారు. సంఘమంతా సరేనంది. పర్మిట్ తీసుకున్నారు, లారీలు వచ్చాయి, పెరడు చదునుగా లేచింది. ఆ వేసవిలో ఆవిడ అందులో గోంగూర వేశారు, వంగ మొక్కలు వేశారు. ఆరాధన అయ్యాక ఇంటికెళ్ళే ప్రతివాళ్ళ చేతిలో ఒక గోంగూర కవరు ఉండేది. మెరక చేయించడం కన్నా తెలివైన పని లేదని అందరం అనుకున్నాం.

ఆ ఏడాది ఆకులు రాలే కాలంలో పున్నమి పోటు, వాన, ఈశాన్యం గాలి మూడూ ఒకేసారి వచ్చాయి. మర్నాడు పొద్దున ఆవిడ గారెలు వేసి పక్కింటికి పట్టుకెళ్ళారు. పక్కింట్లో ఉండేది ఒక నల్లజాతి పెద్దాయన. షిప్‌యార్డులో వెల్డింగు పని చేసి రిటైరయ్యాడు. పుట్టింది ఆ ఇంట్లోనే, భార్య పోయాక ఒంటరిగా ఉంటోందీ ఆ ఇంట్లోనే. గారెల్ని తెలుగు డోనట్లు అనేవాడు. ఆవిడ వెళ్ళేసరికి వరండా కమ్మీల మీద పరుపు ఆరేసి ఉంది. మెట్ల మీద చెప్పులు, బూట్లు, తడిసిన ఫోటో ఫ్రేములు వరసగా పెట్టి ఉన్నాయి. వెనకగదిలోకి నీళ్ళు వచ్చాయన్నాడు. తన జన్మలో ఆ గదిలోకి నీళ్ళు రావడం ఇదే మొదటిసారి అన్నాడు. ఆవిడ తిరిగి తన పెరడు వైపు చూశారు. గోంగూర పొడిగా, పచ్చగా నిలబడి ఉంది.

"నీళ్ళు ఎక్కడికో ఒక దగ్గరికి వెళ్ళాలి కదా మేడమ్" అన్నాడట ఆయన.

తర్వాత ఆవిడే ఇది నాతో చెప్పారు. "తిట్టి ఉంటే బాగుండేదమ్మా. గారెలు తీసుకుని థాంక్యూ అన్నాడు."

ఆ ఆదివారం ప్రకటనల వేళ ఆవిడ లేచి నిలబడ్డారు. "మనం పోయించిన మట్టి పక్కాయన మంచాన్ని తడిపింది. వచ్చే శనివారం తీసేస్తున్నాం. పారలు తెచ్చుకోండి." అంతే, కూర్చున్నారు. కాకినాడ పెద్దాయన, "అమ్మగారూ, మనకి పర్మిట్ ఉందండి. తప్పేం చేయలేదండి మనం" అన్నాడు. "పర్మిట్ ఉందండీ. ఆయన పర్మిట్ మీద పడుకోలేడు కదా" అన్నారావిడ.

శనివారం తెల్లారేసరికి సంఘంలో మగవాళ్ళందరూ వచ్చారు. జీవితంలో పార పట్టనివాళ్ళే ఎక్కువ. మధ్యాహ్నానికి ఒకడి చేతులు బొబ్బలెక్కాయి, ఇంకొకడికి నడుం పట్టేసింది. ఆడవాళ్ళం ఉప్మా, మజ్జిగ అందిస్తూ వాళ్ళ పని తీరుకి వంకలు పెట్టాం. ఆవిడ రబ్బరు బూట్లేసుకుని గోంగూర మొక్కల్ని చేత్తో పీకి పక్కన పెట్టారు. ముఖం గంటు పెట్టుకునే ఉన్నా, కాకినాడ పెద్దాయన సాయంత్రందాకా మట్టి మోశాడు. పక్కాయన వరండాలో నిలబడి కాసేపు చూసి, లోపలికి వెళ్ళి తన పార తెచ్చుకున్నాడు.

ఆ చలికాలంలోనే మునిసిపాలిటీలో వరదల పని చూసే ఆఫీస్ నుంచి ఒకావిడ మందిరానికి వచ్చి, ఆ వీధివాళ్ళందర్నీ కూర్చోబెట్టి పటాలు చూపించింది. మందిరం ఉన్నచోట ఒకప్పుడు నదిలో కలిసే చిన్న పాయ ఉండేదట. పాతకాలంలో చెత్తా మట్టీ పోసి దాన్ని పూడ్చేసి ప్లాట్లు వేశారట. "ఓహో, ఊరంతా కలిసి మన పనే చేసిందన్నమాట" అని పాస్టరమ్మగారు నా చెవిలో అన్నారు. పూడ్చిన మట్టి ఏళ్ళ తరబడి అణుగుతూ వస్తోంది. దానికి తోడు చుట్టుపక్కల ఊళ్ళూ ఫ్యాక్టరీలూ భూమి లోతుల్లోంచి నీళ్ళు తోడేస్తుంటే ఈ ప్రాంతమంతా దిగుతోంది. పైగా సముద్రం వేడెక్కి పెరుగుతోంది. ఇంగ్లీషు అంతగా రాని అమ్మమ్మల కోసం ఆవిడ ఇదంతా ఒక్క మాటలో తెలుగులో చెప్పేశారు. "పరుపులో దూది అణిగిపోయిందనుకోండి. మంచం ఎత్తు మంచానిదే. పడుకున్న మనం మాత్రం కిందికి దిగుతాం. దుప్పటి మార్చితే లాభం లేదు." అమ్మమ్మలు తలలూపారు. నాకూ అప్పుడే సరిగ్గా అర్థమైంది.

ఊరు ఊరికే ఏమీ కూర్చోలేదు. డ్రెయిన్లలోకి నది ఎదురెక్కకుండా కవాటాలు పెట్టారు. కొన్ని ఇళ్ళని జాకీలతో ఎత్తి స్తంభాల మీద నిలబెట్టారు. గోడలు కడతామంటున్నారు. వాడిన నీళ్ళని బాగా శుద్ధి చేసి మళ్ళీ భూమిలోకి ఎక్కించే పని కూడా మొదలైంది. ఆ వచ్చినావిడ మా వీధి కోసం ఇంకొక ఆలోచన కూడా చెప్పింది. మందిరం స్థలాన్ని ఊరు కొనుక్కుంటుంది. కట్టడాలు తీసేసి, తవ్వి, పాత పాయని మళ్ళీ పాయగా వదిలేస్తుంది. రెల్లుగడ్డి పెంచుతుంది. వీధిలోకొచ్చే నీళ్ళకి వెళ్ళడానికి ఒక చోటు దొరుకుతుంది. మిగతా ఇళ్ళు కొన్నాళ్ళు నిలుస్తాయి. ఎన్నాళ్ళో తను మాటివ్వలేనంది. మేం ఒప్పుకుంటేనే, బలవంతం లేదంది.

సంఘం రెండుగా చీలిపోయింది. చిన్నవాళ్ళు ఒప్పేసుకుందాం, వర్జీనియా బీచ్‌లో మన ఇళ్ళ దగ్గరే హాలు తీసుకుందాం అన్నారు. పెద్దవాళ్ళు స్థలమంతా మళ్ళీ మెరక చేయించి, మందిరాన్ని ఎత్తు మీద నిలబెడదాం అన్నారు. "అయ్యగారి చెమటండి ఇదంతా. ఆయన శవపెట్టె మోసుకెళ్ళింది ఈ గుమ్మంలోంచే కదండి" అన్నాడు కాకినాడ పెద్దాయన. పాస్టర్‌గారు ఇద్దరి మాటా విని, "అమ్మగారూ, మందిరం పోతే మాకు ఇంకో హాలు దొరుకుతుంది. మీకు ఇల్లే పోతుంది. అందుకని ఆఖరి మాట మీదే. మీరు వద్దంటే ఇక దీని గురించి ఎవ్వరం మాట్లాడం" అన్నారు.

ఆవిడ వద్దంటారనే నేననుకున్నాను. అనాలనే కోరుకున్నాను. ఆ వంటిల్లు లేని నార్‌ఫోక్‌లో నాకు ఎవరున్నారు?

ఆవిడ లేచి, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. "మనం ఒకసారి మెరక చేయించాం. ఆ నీళ్ళు ఎవరి మంచం కిందికి వెళ్ళాయో నేను కళ్ళతో చూశాను. మళ్ళీ చేయిద్దామంటే నాకేం అభ్యంతరం లేదు. ఈసారి ఎవరి మంచం కిందికి పంపుదామో పేరు చెప్పండి. సంతకం నేనే పెడతాను."

కాకినాడ పెద్దాయనే లేచి అడిగాడు. "మరి మీరెక్కడుంటారండి?"

"నాకు కూతురిల్లుంది. పక్కాయనకి అదొక్కటే ఇల్లు."

ఆ రోజు అందరూ వెళ్ళాక టీ కప్పులు కడగడానికి నేను ఉండిపోయాను. ఆవిడ కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతున్నారు. "ఈ పొయ్యి మీదే ఆయనకి చివరిసారి జావ కాచానమ్మా" అన్నారు. కుళాయి కట్టేసి, సింకు అంచు పట్టుకుని ఏడ్చారు. ఎంతోమందిని ఏడవనిచ్చిన ఆ వంటింట్లో ఆవిడ ఏడవగా చూడడం నాకు అదే మొదలు, అదే చివర. ధైర్యంగల మనిషి అంటే బాధపడని మనిషి అని నాకు ఒక పిచ్చి అభిప్రాయం ఉండేది. అది ఆ రోజుతో పోయింది.

అల్ఫారెట్టా వెళ్ళాక కూడా ఫోన్ చేస్తూ ఉండేవారు. అక్కడి తెలుగు సంఘం పెద్దదట, ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు. "అందరూ హాయిగా లేటుగా వస్తారమ్మా. భయమా భక్తా! మధ్యలో పోటు లేకపోతే ఇంతే" అని ఎగతాళి చేసేవారు. బాగున్నారా అంటే అబద్ధం చెప్పేవారు కాదు. "మా అమ్మాయి బంగారంలా చూసుకుంటోంది. అయినా పొద్దున లేవగానే తలుపు ఏ వైపుందో కాసేపు తెలీదు" అనేవారు. మందిరం పడగొట్టిన రోజు చూడటానికి రానన్నారు. మాలో కొందరం వెళ్ళాం. ఆ రోజు ఆవిడ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

మొన్న ఆదివారం వర్జీనియా బీచ్ హాల్లో సంస్మరణ కూడిక పెట్టాం. పక్కింటి పెద్దాయన నల్ల సూటు వేసుకుని, ఎవరో మనవడి చేత డ్రైవ్ చేయించుకుని వచ్చాడు. చివరి వరసలో కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాని తెలుగు పాటలూ సాక్ష్యాలూ రెండు గంటలకు పైగా విన్నాడు. మేం నిలబడినప్పుడల్లా కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. కాకినాడ పెద్దాయన మాట్లాడదామని మైకు ముందుకి వెళ్ళి, "అమ్మగారూ" అని ఆగిపోయాడు. మైకు పాస్టర్‌గారికిచ్చి, నేరుగా వెనక్కి వెళ్ళి ఆ పక్కింటాయన పక్క కుర్చీలో కూర్చున్నాడు.

నిన్న పున్నమి. మధ్యాహ్నం ఆఫీస్‌లో పర్మిషన్ అడిగి ఆ వీధికి వెళ్ళాను. ఊరు బాగుపడిపోయిందని నేననను. తుఫాను వస్తే ఆ వీధి ఇప్పటికీ మునుగుతుంది. నేల దిగడం ఆగలేదు, సముద్రం ఆగలేదు. పట్టణమంతటా ఎవరో ఒకరు ఇల్లు ఎత్తించుకుంటూనో ఖాళీ చేస్తూనో ఉన్నారు. నిన్న మాత్రం ఎండ కాస్తోంది, పోటు నిండుగా ఉంది. నది నుంచి నీళ్ళు రెల్లుగడ్డిలోకి మెల్లగా చేరుతున్నాయి, వీధిలోకి రాలేదు. కాసేపటికి స్కూలు బస్సు వచ్చి ఎర్ర లైట్లు వెలిగించుకుని ఆగింది. పిల్లలు బ్యాగులు ఊపుకుంటూ పొడి రోడ్డు మీదికి దూకి, ఒకళ్ళనొకళ్ళు తరుముకుంటూ ఎవరిళ్ళకి వాళ్ళు పరుగెత్తారు. వాళ్ళ వెనక, ఒకప్పుడు ఆవిడ వంటిల్లు ఉన్న చోట, నీళ్ళు ఎండలో మెరుస్తూ నిలబడి ఉన్నాయి.